రోగం ఒక ఇంట్లో... బాధ్యత నాలుగు కార్యాలయాల్లో

పల్నాడు పట్టణాల్లో ప్రజారోగ్య, మానసిక ఆరోగ్య కార్యక్రమాల నిర్వహణపై విశ్లేషణ

బెల్లంకొండ: పట్టణంలో ఒక వీధివారంతా వాంతులు, విరేచనాలతో ఆస్పత్రి పాలైతే ఆ సాయంత్రానికే యంత్రాంగం కదులుతుంది. వైద్య శిబిరం వెలుస్తుంది. నీటి నమూనాలు ప్రయోగశాలకు వెళతాయి. ట్యాంకర్లు వస్తాయి. ప్రజాప్రతినిధులు పరామర్శిస్తారు. అదే పట్టణంలో ఏడాది పొడవునా ఒక్కొక్కరుగా కుంగుబాటుతోనో, మద్యం వ్యసనంతోనో, అప్పుల దిగులుతోనో ప్రాణాలు తీసుకుంటుంటే ఏ శిబిరమూ వెలవదు. పోలీసు స్టేషన్లో కేసు నమోదై, శవపరీక్ష జరిగి, ఆ వ్యవహారం అంతటితో ముగుస్తుంది. రెండూ ప్రజారోగ్య సమస్యలే. రెండింటికీ చట్టాలున్నాయి, పథకాలున్నాయి. అయితే పట్టణ స్థాయిలో ఈ రెండింటికీ కలిపి జవాబు చెప్పవలసిన అధికారి ఎవరన్న ప్రశ్నకు ఇప్పుడున్న ఏర్పాటులో స్పష్టమైన సమాధానం లేదు.

బెల్లంకొండ మండల వాసులకు ఈ ప్రశ్న పరాయిది కాదు. మండలంలో పట్టణం లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయి దాటిన వైద్యం ఏది కావాలన్నా సత్తెనపల్లికో, పిడుగురాళ్లకో, నరసరావుపేటకో పోవలసిందే. అక్కడా కుదరకపోతే గుంటూరు సర్వజనాసుపత్రే శరణ్యం. పట్టణాల్లోని ఏర్పాట్లు బలహీనంగా ఉంటే వాటి మీద ఆధారపడిన పల్లెలు రెండు విధాలా నష్టపోతాయి. వైద్యం అందదు, తిరుగుడు ఖర్చులు మాత్రం మిగులుతాయి.

ఈ మండలం మోసిన భారం మరొకటి ఉంది. కృష్ణానదిపై నిర్మించిన పులిచింతల ప్రాజెక్టు 2013 డిసెంబరు 7న జాతికి అంకితమైంది. 45.77 టీఎంసీల నీటి నిల్వ కోసం కొల్లూరు, పులిచింతల, బోదనం, కేతవరం వంటి ఊళ్లు ముంపు పాలయ్యాయి. తరతరాల ఊరు విడిచి జనం పునరావాస కాలనీలకు తరలారు. పరిహారం లెక్కల్లో ఇళ్లున్నాయి, భూములున్నాయి, చెట్లున్నాయి. ఇరుగుపొరుగు చెదిరిపోయి, చేసే పని మారిపోయి, ముసలితనంలో కొత్తచోట కాలు నిలదొక్కుకోవలసి వచ్చినవారి మనోవ్యథకు ఆ లెక్కల్లో పద్దు లేదు. ఆ బాధను గుర్తించవలసిన శాఖ ఏదో కూడా ఎవరూ నిర్దేశించలేదు.

అతిసారం నేర్పిన పాఠం

పాత గుంటూరు జిల్లాను విభజించి 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లాను ఏర్పాటు చేశారు. నరసరావుపేట, చిలకలూరిపేట, సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల, వినుకొండ పురపాలక సంఘాలు, గురజాల, దాచేపల్లి నగర పంచాయతీలు ఈ జిల్లాలోని పట్టణ స్థానిక సంస్థలు. 2011 జనాభా లెక్కల ప్రకారం జిల్లా పరిధిలోని జనాభా 20 లక్షలకు పైమాటే.

2024 జూలైలో పిడుగురాళ్లలోని లెనిన్‌నగర్, మారుతీనగర్ ప్రాంతాల్లో అతిసారం ప్రబలింది. అదే ఏడాది అక్టోబరులో దాచేపల్లి అంజనాపురం కాలనీలో మళ్లీ అదే పరిస్థితి తలెత్తి ప్రాణనష్టం సంభవించింది. అంతకు ఆరేళ్ల ముందు, 2018 మార్చిలో, గుంటూరు నగరంలోని ఆనందపేట పరిసరాల్లో మంచినీటి గొట్టాల్లో మురుగునీరు కలిసి పదిమందికి పైగా మరణించిన సంగతి ఈ ప్రాంతవాసులు ఇంకా మరచిపోలేదు.

ఇటువంటి సమయాల్లో ఒకే సమస్యను మూడు ముక్కలుగా చూడవలసి వస్తుంది. రోగుల లెక్క వైద్య ఆరోగ్యశాఖ వద్ద ఉంటుంది. గొట్టాల పటం పురపాలక ఇంజినీరింగ్ విభాగం వద్ద ఉంటుంది. కొత్త నీటి పథకాల నిర్మాణం ప్రజారోగ్య ఇంజినీరింగ్ శాఖ చేతిలో ఉంటుంది. 2004లో ప్రారంభమైన సమగ్ర వ్యాధుల నిఘా కార్యక్రమం కింద ఆస్పత్రులు విరేచనాల కేసులను క్రమం తప్పకుండా నివేదించాలి. ఆ నివేదిక ప్రయాణించే దారి ఆస్పత్రి నుంచి జిల్లా కేంద్రానికి, అక్కడి నుంచి రాష్ట్రానికి. పగిలిన గొట్టాన్ని బాగుచేయవలసిన ఇంజినీరు ఆ దారిలో లేడు. ఒకే వీధి నుంచి వరుసగా ముగ్గురు రోగులు వచ్చారన్న సమాచారం మొదటిరోజే ఆయనకు చేరితే నాలుగోరోజు శిబిరం పెట్టవలసిన అవసరం రాకపోవచ్చు.

87 ఏళ్ల నాటి చట్టం

ఈ చిక్కును ముందే ఊహించిన చట్టం ఒకటి ఉంది. 1939లో నాటి మద్రాసు రాష్ట్రం చేసిన ప్రజారోగ్య చట్టం దేశంలోనే ఆ తరహా చట్టాల్లో మొదటిది. రాష్ట్రాలు మారినా ఆంధ్ర ప్రాంతానికి అది వారసత్వంగా సంక్రమించింది. తాగునీరు, మురుగు పారుదల, అంటువ్యాధుల నివారణ స్థానిక సంస్థల విధి అని ఆ చట్టం చాటింది. పురపాలక సంఘాలు ప్రభుత్వ గ్రాంట్లు మినహా తమ ఆదాయంలో కనీసం 30 శాతాన్ని ప్రజారోగ్యానికి కేటాయించాలని నిర్దేశించింది. పట్టణ ఆరోగ్యాధికారి పురపాలికలో కూర్చుని పనిచేయాలన్నది ఆ చట్టం వెనుక ఉన్న ఆలోచన.

1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ సైతం 12వ షెడ్యూలులో ప్రజారోగ్యాన్ని, పారిశుద్ధ్యాన్ని పురపాలికల పనుల జాబితాలో చేర్చింది. పంచాయతీలకు సంబంధించిన 11వ షెడ్యూలులో ఆస్పత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ప్రస్తావన కూడా ఉంది. కాగితం మీద అధికారం స్థానిక సంస్థలదే. ఆచరణలో డాక్టరు, నర్సు, మందులు వైద్య ఆరోగ్యశాఖ అధీనంలోకి వెళ్లగా పురపాలికకు చీపురు, మురుగు కాలువ, దోమల మందు మిగిలాయి. కాలక్రమంలో ప్రజారోగ్యమంటే చెత్త ఎత్తడమే అన్న అర్థం స్థిరపడిపోయింది.

2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ ఈ లోటును కొంత పూడ్చింది. 50 వేలకు పైబడిన జనాభా గల పట్టణాలు దాని పరిధిలోకి వచ్చాయి. జిల్లాలోని ఆరు పురపాలక సంఘాలూ ఆ హద్దు దాటినవే. గురజాల, దాచేపల్లి నగర పంచాయతీలు ఆ హద్దుకు దిగువన ఉండిపోయాయి. ఊరు పట్టణంగా మారినంత మాత్రాన పట్టణ ఆరోగ్య వ్యవస్థ దానంతట అది రాదన్న విషయం దీన్నిబట్టి బోధపడుతుంది. 2019 అక్టోబరు నుంచి వచ్చిన వార్డు సచివాలయాల్లో ఆరోగ్య కార్యదర్శి, పారిశుద్ధ్య కార్యదర్శి ఒకే కప్పు కింద కూర్చున్నారు. కానీ ఒకరికి ఆదేశాలు వైద్యశాఖ నుంచి, మరొకరికి పురపాలక శాఖ నుంచి వస్తాయి.

2023 ఏప్రిల్ 6న రాష్ట్ర ప్రభుత్వం ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమాన్ని ప్రారంభించింది కూడా పల్నాడు జిల్లా లింగంగుంట్లలోనే. వైద్యుడే ఊరికి వచ్చి రక్తపోటు, మధుమేహ రోగులను చూడాలన్నది దాని ఉద్దేశం. వైద్యుడు పల్లెకు రావచ్చునన్న సూత్రాన్ని ప్రభుత్వం ఒప్పుకొన్నప్పుడు, అదే బండిలో కుంగుబాటుకు మందులు ఎందుకు రాకూడదన్న ప్రశ్న సహజంగానే ఉదయిస్తుంది.

లెక్కలోకి రాని రోగం

జాతీయ నేర గణాంక సంస్థ నివేదిక ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో నాలుగోవంతుకు పైగా, అంటే 26.4 శాతం, రోజుకూలీలే. కారణాల్లో కుటుంబ సమస్యలు 31.7 శాతంతో మొదటిస్థానంలో, అనారోగ్యం 18.4 శాతంతో రెండోస్థానంలో నిలిచాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏడాది వ్యవసాయ రంగంపై ఆధారపడిన 917 మంది బలవన్మరణం పాలయ్యారు. మహారాష్ట్ర, కర్ణాటకల తర్వాత ఇదే ఎక్కువ.

పల్నాడు ప్రాంతానికి ఈ అంకెలు దూరపు కథలు కావు. 1987-88లో తెల్లదోమ పత్తిని కబళించినప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కుదిపివేశాయి. ఇప్పుడు మిర్చి ఆ స్థానంలో ఉంది. 2025 ఆరంభంలో ధరలు పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. కౌలురైతు ఇంట దిగులు యార్డులో ధర పడిన రోజునే మొదలవుతుంది. ఆ దిగులు రోగంగా ముదరకముందే పలకరించే ఏర్పాటు ప్రభుత్వ వ్యవస్థలో ఎక్కడా కనిపించదు.

విరేచనాల కేసుకు ఉన్న నిఘా నివేదిక ఆత్మహత్యాయత్నానికి లేకపోవడం ఇక్కడ గమనార్హం. అటువంటి రోగి ఆస్పత్రికి రాగానే అది పోలీసు కేసుగా నమోదవుతుంది. ప్రాణాపాయం తప్పగానే ఇంటికి పంపిస్తారు. ఎందుకలా చేశారని అడిగేది పోలీసు, అదీ వాంగ్మూలం కోసం. మళ్లీ అటువంటి తలంపు రాకుండా చూడవలసిన బాధ్యత ఎవరి రిజిస్టరులోనూ ఉండదు. మద్యం సంగతి ఎక్సైజు శాఖకు, గంజాయి సంగతి 2024 చివరలో ఏర్పడిన ఈగల్ విభాగానికి, కుటుంబ కలహాలు మహిళా శిశు సంక్షేమ శాఖకు, మందులు వైద్యశాఖకు చెందుతాయి. బాధితుడు మాత్రం ఒక్కడే.

చట్టం ఏమంటోంది?

మానసిక ఆరోగ్యానికి దేశంలో కార్యక్రమం లేదనడానికి వీల్లేదు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే మొదలైంది. ఆ దశకంలో బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ పొరుగునే ఉన్న బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు శిక్షణ ఇచ్చి మానసిక రోగులకు ఊళ్లోనే మందులు అందించవచ్చునని నిరూపించింది. ఆ నమూనాతోనే 1996లో నాలుగు రాష్ట్రాల్లో ఒక్కో జిల్లా చొప్పున జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రారంభమైంది. ఆ నాలుగింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ కార్యక్రమానికి ఇప్పుడు 767 జిల్లాల్లో ఆమోదం ఉంది.

2018 మే 29న అమలులోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరింత ముందుకు వెళ్లింది. వైద్యం పొందడం పౌరుని హక్కు అని ప్రకటించింది. సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పైస్థాయి ప్రభుత్వాసుపత్రులన్నింటిలో ప్రాథమిక, అత్యవసర మానసిక వైద్యం ఉండాలని, అత్యవసర మందుల జాబితాలోనివి ఉచితంగా ఇవ్వాలని ఆదేశించింది. జిల్లాలో కనీస ప్రభుత్వ సేవలు లేనప్పుడు అదే జిల్లాలోని మరో వైద్యాలయంలో చికిత్స పొందితే ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలని కూడా చట్టంలో ఉంది. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, ఆ వ్యక్తికి చికిత్స, పునరావాసం కల్పించి మళ్లీ అటువంటి ప్రయత్నం జరగకుండా చూడటం ప్రభుత్వ విధి అని 115వ సెక్షను చెబుతోంది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఆత్మహత్యాయత్నాన్ని శిక్షించే పాత 309 సెక్షనుకు చోటు దక్కలేదు. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణలో ఒత్తిడి చేయడానికి చేసే ప్రయత్నం మాత్రమే నేరంగా మిగిలింది.

ఇంత చట్టమున్నా అందులో చిన్న మెలిక ఉంది. హక్కు సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి మొదలవుతుంది. బెల్లంకొండలో ఉన్నది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. అంటే ఈ మండలంలోని రోగి తన హక్కును వినియోగించుకోవాలంటే పట్టణం బస్సో, రైలో ఎక్కాలి. మానసిక రోగికి నెలనెలా మందులు మానకుండా వాడటమే ప్రధానం. ఒకనెల కూలి పోగొట్టుకొని, తోడుగా మరొకరి కూలి కూడా పోగొట్టుకొని వెళ్లివచ్చినవారు రెండోనెల వెళ్లడం కష్టం. మూడోనెల మందు ఆగిపోతుంది. 2015-16లో నిమ్‌హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలింది. మద్యం వ్యసనంతో బాధపడేవారిలో 86 శాతం మంది చికిత్సకు దూరంగా ఉన్నట్లు వెల్లడైంది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు.

బస్సు చార్జీ లేక పోయిన ప్రాణం

దూరం ప్రాణం తీస్తుందన్న సత్యాన్ని ఆఫ్రికా ఖండంలోని జింబాబ్వే దేశం చేదు అనుభవంతో నేర్చుకుంది. 2005లో ఆ దేశంలో పట్టణ పేదల ఇళ్లను ప్రభుత్వం పెద్దఎత్తున కూల్చివేసింది. ఇల్లో, జీవనోపాధో కోల్పోయినవారు సుమారు 7 లక్షల మంది అని ఐక్యరాజ్యసమితి అంచనా వేసింది. ఆ రోజుల్లోనే రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుని వద్ద చికిత్స పొందుతున్న యువతి ఒకరు ఆత్మహత్య చేసుకుంది. మళ్లీ చూపించుకోవడానికి ఎందుకు తీసుకురాలేదని ఆయన అడిగితే, 15 డాలర్ల బస్సు చార్జీ లేక రాలేకపోయామని ఆమె తల్లి చెప్పింది.

రోగి ఆస్పత్రికి రాలేనప్పుడు వైద్యమే రోగి వీధికి వెళ్లాలని ఆ వైద్యుడు నిశ్చయించుకున్నాడు. 2006లో హరారేలోని ఎంబారే పేటలో నగరపాలక ఆరోగ్య విభాగం తరఫున పనిచేస్తున్న 14 మంది పెద్దవయసు స్త్రీలకు శిక్షణ ఇచ్చాడు. నగర ఆరోగ్య కేంద్రం ఆవరణలో చెట్టునీడన ఒక బల్ల. దానిపై కూర్చున్న అవ్వ వచ్చినవారి కష్టం వింటుంది. ఉన్న సమస్యల్లో ముందు ఏదో ఒకదానికి దారి వెతకడంలో సాయపడుతుంది. తీవ్రమైన కేసులను వైద్యునికి అప్పగిస్తుంది. హరారేలోని 24 ఆరోగ్య కేంద్రాల్లో 573 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2016లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వెలువడ్డాయి. ఆరునెలల తర్వాత మామూలు వైద్యం పొందినవారిలో సుమారు 50 శాతం మందిలో కుంగుబాటు లక్షణాలు కొనసాగగా, అవ్వల బల్ల వద్దకు వచ్చినవారిలో అవి సుమారు 14 శాతానికి పరిమితమయ్యాయి.

ఆ కార్యక్రమం నగరపాలక సంస్థ సిబ్బందితో, నగరపాలక ఆరోగ్య కేంద్రాల్లో నడిచిందన్నది పల్నాడు పట్టణాలు గమనించవలసిన అంశం. పట్టణాల్లో మెప్మా, పల్లెల్లో డ్వాక్రా సంఘాల రూపంలో మహిళల బలగం ఇక్కడ ఇప్పటికే ఉంది. ఆశా కార్యకర్తలకు ప్రతి గడపా పరిచయమే. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలైన సారా వ్యతిరేకోద్యమాన్ని నడిపింది గ్రామీణ మహిళలే. 1993 అక్టోబరులో సారా నిషేధం ఆ ఉద్యమ ఫలితమే. తాగుడు వల్ల ఇంటికి జరిగే చేటును గుర్తించడానికి ఈ గడ్డ మీది ఆడవారికి ఒకరు కొత్తగా నేర్పవలసిన పని లేదు. వారికి కావలసింది శిక్షణ, గౌరవ భృతి, తాము పంపిన రోగిని చూసే వైద్యుడు.

విలీనం ఒక్కటే చాలదు

శాఖలను కలిపితే సరిపోతుందా అన్న ప్రశ్నకు అమెరికాలోని న్యూయార్కు నగరం సమాధానం చెబుతుంది. అక్కడి నగర ప్రభుత్వం 2002లో ఆరోగ్య విభాగాన్ని, మానసిక ఆరోగ్య విభాగాన్ని ఒకటి చేసింది. అంటువ్యాధులు, వ్యసనాలు, మానసిక రుగ్మతలు ఒకే కమిషనరు పరిధిలోకి వచ్చాయి. 2015లో ఆ నగరం థ్రైవ్ పేరిట సుమారు 85 కోట్ల డాలర్ల అంచనాతో భారీ మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని చేపట్టింది. ఖర్చు కనిపిస్తోంది కానీ ఫలితాలు చూపించే లెక్కలేవని 2019లో తీవ్ర విమర్శలు చెలరేగాయి. ఎంతమందికి బాగైందన్న లెక్క లేకపోతే డబ్బున్న నగరమైనా జవాబు చెప్పుకోలేదని ఆ ఉదంతం చాటుతోంది.

లెక్క కట్టడం అసాధ్యమేమీ కాదు. ఆత్మహత్యాయత్నం చేసి ఆస్పత్రికి వచ్చిన 1,867 మందిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో జరిపిన అధ్యయనం 2008లో వెలువడింది. చెన్నై కూడా అందులో ఒక కేంద్రం. ఇంటికి పంపేముందు గంటసేపు మాట్లాడి, ఆ తర్వాత ఏడాదిన్నరలో తొమ్మిదిసార్లు ఫోన్లోనో, ఇంటికి వెళ్లో పలకరించారు. మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 2.2 శాతం మంది మళ్లీ ఆత్మహత్యకు బలికాగా, పలకరింపు అందినవారిలో అది 0.2 శాతమే. ఇందుకు కొత్త భవనం అవసరం లేదు, ఖరీదైన యంత్రం అవసరం లేదు. ఒక రిజిస్టరు, ఒక ఫోను, శిక్షణ పొందిన ఒక నర్సు ఉంటే చాలు.

ఉన్న సిబ్బందితోనే...

ఈ అనుభవాలను పల్నాడుకు అన్వయిస్తే చేయదగిన పనులు కొన్ని కనిపిస్తాయి. ప్రతి పురపాలికలో కమిషనరు అధ్యక్షతన నెలకొకసారి వైద్యాధికారి, ఇంజినీరు, పోలీసు, ఎక్సైజు అధికారులు ఒకేచోట కూర్చునే సమీక్ష మొదటిది. ఆ సమావేశం ముందు ఒకే కాగితం ఉండాలి. ఏ వార్డులో ఎన్ని విరేచనాల కేసులు, ఎన్ని నీటి నమూనాలు విఫలమయ్యాయి, ఎన్ని ఆత్మహత్యాయత్నాలు, వారిలో ఎందరిని తిరిగి పలకరించారు, మానసిక వైద్య మందులు ఎన్ని రోజులకు సరిపడా ఉన్నాయి అన్న వివరాలు పక్కపక్కనే కనిపించాలి. పేర్లు లేకుండా ఆ అంకెలను ప్రతి మూడునెలలకూ సచివాలయం గోడపై అంటించాలి.

రెండోది, మానసిక వైద్యుడు సత్తెనపల్లి, గురజాల, మాచర్ల వంటిచోట్ల నిర్ణీతమైన రోజున అందుబాటులో ఉండటం. ఆ రోజు ఏదో బెల్లంకొండ వంటి మండలాల ప్రజలకు ముందుగా తెలియాలి. ఒకసారి రోగనిర్ధారణ జరిగాక నెలనెలా మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఇవ్వాలి. బళ్లారిలో 1980లలోనే సాధ్యమైన పని ఇది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక రుగ్మతనూ వైకల్యాల్లో చేర్చింది. ధ్రువపత్రం కావాలంటే మానసిక వైద్యుడు చూడవలసిందే కనుక, వైద్యుని రాక రోగుల జీవనభృతికీ ముడిపడి ఉంది.

మూడోది నిధుల సంగతి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్య రంగానికి దేశవ్యాప్తంగా 70,051 కోట్ల రూపాయలు సిఫార్సు చేసింది. స్థానిక సంస్థల సాధారణ గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికే వెచ్చించాలన్న షరతు పెట్టింది. నీటికి ఉన్నటువంటి షరతు మానసిక ఆరోగ్యానికి లేదు. షరతు లేని పద్దుకు చివరికి మిగిలేది ఏమిటో పురపాలక బడ్జెట్లు చూసినవారికి తెలియనిది కాదు.

అభ్యంతరాలూ ఉన్నాయి

పురపాలికలకు పారిశుద్ధ్య కార్మికుల జీతాలే భారంగా ఉన్నప్పుడు కొత్త బాధ్యత మోపడం తగదన్న వాదన ఉంది. కార్మికులు వేతనాల కోసం 2023 డిసెంబరు చివర, 2024 జనవరిలో సమ్మె చేసినప్పుడు పట్టణాల దుస్థితి అందరూ చూశారు. ఈ వాదనలో బలముంది. పని అప్పగించి సిబ్బందిని, డబ్బును పైస్థాయిలోనే ఉంచుకుంటే పురపాలిక నిందలు మోసే సంస్థగా మిగులుతుంది. కనుక సమీక్షకు అధికారం ఇచ్చేటప్పుడే, అక్కడ తీసుకున్న నిర్ణయాన్ని మిగతా శాఖలు పాటించాలన్న ఉత్తర్వు జిల్లా కలెక్టరు నుంచి వెలువడాలి.

రెండో అభ్యంతరం గోప్యతకు సంబంధించినది. చిన్న ఊళ్లలో మాట దాగదు. ఫలానా ఇంటి కోడలు మనోవ్యాధి మందులు వాడుతోందని పొక్కితే ఆ ఇంట్లో పెళ్లి సంబంధాలు సైతం ఆగిపోతాయన్న భయం వాస్తవం. ఇరుగింటి మనిషికే ఈ బాధ్యత అప్పగిస్తే రోగులు నోరు విప్పకపోవచ్చు. రోగి సమాచారం గోప్యంగా ఉంచాలని 2017 చట్టమే నిర్దేశించింది. కార్యకర్తను పక్క వీధి నుంచి నియమించడం, రిజిస్టరులో పేరుకు బదులు సంఖ్య రాయడం, అన్నిరకాల జబ్బులకూ ఒకే గదిలో చూడటం వంటి చిన్న జాగ్రత్తలతో ఈ భయాన్ని చాలావరకు తగ్గించవచ్చు. రక్తపోటు మాత్రల కోసం వచ్చినవారి వరుసలోనే కుంగుబాటు మందులు తీసుకునేవారూ నిలబడితే ఎవరు దేనికి వచ్చారో ఎవరికీ తెలియదు.

గడువు దగ్గరపడుతోంది

జనాభాకు తగినంతమంది మానసిక ఆరోగ్య నిపుణులను పదేళ్లలో సమకూర్చుకోవడానికి ప్రభుత్వాలు కృషి చేయాలని 2017 చట్టంలోని 31వ సెక్షను చెబుతోంది. అమలు తేదీ నుంచి లెక్కిస్తే ఆ గడువు 2028 మే నెలతో ముగుస్తుంది. పిడుగురాళ్లలో వైద్య కళాశాలకు 2021 మే 31న శంకుస్థాపన జరిగింది. వైద్య కళాశాల ఆస్పత్రి అంటే మానసిక వైద్య విభాగం తప్పనిసరి. అది పూర్తిస్థాయిలో పనిచేస్తే పల్నాడు పశ్చిమ మండలాల రోగులకు గుంటూరు ప్రయాణం తప్పుతుంది. అయితే కళాశాల వచ్చేదాకా ఆగవలసిన పనులు కొన్నయితే, ఆగనక్కరలేనివి మరికొన్ని. నెలవారీ సమీక్ష, తిరిగి పలకరించే రిజిస్టరు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు రెండో కోవకు చెందినవి.

2022 అక్టోబరు 10 నుంచి టెలిమానస్ పేరిట 14416 నంబరు రాత్రింబగళ్లు ఉచితంగా పనిచేస్తోంది. తెలుగులోనే మాట్లాడవచ్చు. మనసు బాగోలేనివారే కాక, ఇంట్లో ఎవరి గురించైనా భయపడుతున్నవారు కూడా ఆ నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఆ సంఖ్యను ప్రతి సచివాలయం, ప్రతి ఎరువులు, పురుగుమందుల దుకాణం, ప్రతి బస్టాండు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించడానికి పురపాలికకు గానీ, పంచాయతీకి గానీ ఎవరి అనుమతీ అవసరం లేదు. ఫోన్ చేసిన రోగిని మర్నాడు స్థానికంగా చూసే మనిషి ఎవరో తేల్చవలసింది మాత్రం జిల్లా యంత్రాంగమే.